చదివింపుల లెక్క

నా పరిశోధన పేపర్లకి వచ్చిన సైటేషన్లు ఎన్నో నాకంటే మా లాయరుకే బాగా తెలుసు. ఆ వారం 712. గ్రీన్‌కార్డుకి ఈబీ-1 కింద దరఖాస్తు పెడుతున్నాం. మనకు అసాధారణ ప్రతిభ ఉందని మనమే రుజువు చేసుకోవాలి. నోబెల్ లాంటిదేమీ చేతిలో లేకపోతే పది ప్రమాణాల్లో కనీసం మూడైనా చూపించాలి. అందుకని ఆయన ఒక పట్టిక వేయమన్నాడు. నా పేపర్లను ఏయే దేశాలవాళ్ళు ఉదహరించారు, వాళ్ళలో నాతో ఎన్నడూ కలిసి పనిచేయనివాళ్ళు ఎందరు అని. బాస్టన్‌లో పగలంతా ల్యాబ్‌లో ప్రొటీన్ జెల్స్ నడపడం, రాత్రి ఇంటికొచ్చి ఎక్సెల్‌లో దేశాలు లెక్కపెట్టుకోవడం.

మా పక్క బెంచీ అమెరికన్ కుర్రాడూ సైటేషన్లు లెక్కచెప్పే గూగుల్ స్కాలర్ చూస్తాడు. అంకె కదలకపోతే ఒక పూట మొహం మాడ్చుకుంటాడు, అంతే. నాకు అలా కాదు. అమ్మకి ఒంట్లో బాగోలేదని ఇంటికి వెళ్తే, వీసా స్టాంపింగ్ అయి మళ్ళీ ఈ బెంచీ దగ్గరికి రాగలనా అన్న టెన్షన్ ఎప్పటికి తీరుతుందో ఆ అంకెని బట్టే ఉంది.

నాన్న ఫోన్లో అడిగారు, "సైటేషన్ అంటే ఏంటమ్మా?" అని. పెళ్ళిలో చదివింపుల్లాంటివి నాన్నా అన్నాను. ఎవరో పేపర్ రాస్తూ, ఫలానా సంగతి వీళ్ళ దగ్గర తీసుకున్నాం అని మన పేరు చదివిస్తారు, అది పుస్తకంలోకి ఎక్కుతుంది. నాన్న కాసేపు ఆగి, "అయితే మనమూ తిరిగి చదివించాలిగా?" అన్నారు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, మా వృత్తిని రెండు నిమిషాల్లో పట్టేశారు. పేపర్ పంపితే పత్రిక తరఫున దాన్ని పరిశీలించే, పేరు తెలియని రివ్యూయర్ ఒకాయన "ఈ నాలుగూ కూడా ఉదహరించండి" అని రాస్తాడు. ఆ నాలుగింట్లోనూ ఒకే పేరు ఉంటుంది. మారు మాట్లాడకుండా చేర్చేస్తాం.

712లో 480 ఒక్క పేపర్‌వే. కొవ్వు ఎక్కువున్న కణజాలం నుంచి ఆర్‌ఎన్‌ఏ పాడవకుండా తీసే పద్ధతి. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్‌గా చేరిన మొదటి ఏడాది ఎన్నిసార్లు చేసినా ముక్కలైపోతుంటే విసుగొచ్చి కుదుర్చుకున్నది. చిన్న పత్రికలో వేశాం. ఇక ఐదేళ్ళు, నాలుగు సంక్రాంతులు, చెల్లెలి పెళ్ళి వదులుకుని చేసిన అసలు పనికి 31. అందులో తొమ్మిది నన్ను నేను ఉదహరించుకున్నవి. లాయరు వాటిని నిర్దాక్షిణ్యంగా కొట్టేశాడు.

పెద్దవాళ్ళకీ ఇంతే. ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద లౌరీ, ఆయన సహచరులు 1951లో రాసిన పేపర్‌కి 3 లక్షలకు పైగా సైటేషన్లు. అది అంత గొప్ప పేపరేమీ కాదని లౌరీయే ఒప్పుకున్నాడు, లోలోపల సంబరపడుతూనే. 2014లో నేచర్ పత్రిక అత్యధిక సైటేషన్ల పేపర్లు వంద ఏరితే, డీఎన్‌ఏ నిర్మాణం చెప్పిన 1953 పేపర్ అందులో లేదు.

మాది భీమవరం దగ్గర పల్లె కాబట్టి నాన్నకి ఇవన్నీ చెబితే భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గరికి వెళ్ళిపోతారు. నేను రోజూ దాటి వెళ్ళే హార్వర్డ్ మెడికల్ స్కూల్లోనే ఆయన ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటి ఆ పేపర్‌ని వేల మంది ఉదహరించారు. హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. 1946 దాకా మనవాళ్ళకి అమెరికా పౌరసత్వం అడిగే హక్కే లేదు. 1948లో పోయేనాటికి ఆయన ఇంకా ఈ దేశ పౌరుడు కాదు. "ఆయన చదివింపులు ఎవరూ లెక్కేయలేదన్నమాట," అంటారు నాన్న.

నా దరఖాస్తు ఆమోదం పొందింది. ఇండియాలో పుట్టినవాళ్ళకి ఆ తర్వాత ఇంకో క్యూ ఉంది, అందులో ఉన్నాను.

మొన్న బ్రెజిల్ నుంచి ఒక విద్యార్థిని మెయిల్ చేసింది. మీ ఆర్‌ఎన్‌ఏ పద్ధతిలో మూడో దశ దగ్గర సెంట్రిఫ్యూజ్ వేగం ఇవ్వలేదు, ఎంత పెట్టాలి అని. తెరిచి చూస్తే నిజమే, ఆ అంకె లేదు. పేపర్ వచ్చి ఏడేళ్ళయింది, ఈ మాట అడిగింది ఈ అమ్మాయి ఒక్కతే. 12,000 జీ, పదిహేను నిమిషాలు, నాలుగు డిగ్రీల దగ్గర అని జవాబు రాశాను.