సూర్యాపేట దాకా సీసా మూత తియ్యలేదు

పోయిన మే నెలలో పొద్దున పదింటికి బైక్ మీద ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డెక్కా. ఐదింటికే బయల్దేరాల్సింది, ఇంట్లో పనుల్లో పడి లేటయింది, మధ్యాహ్నం భోజనం టైముకి కోదాడలో మా మేనత్త వాళ్లింట్లో ఉండాలి కదా అని ఎక్కడా ఆపకుండా తోలుకుంటూ పోయా. సైడ్ బ్యాగులో రెండు లీటర్ల నీళ్ల సీసా ఉంది, నిండుగా ఉంది, సూర్యాపేట దగ్గరికొచ్చేదాకా దాని మూత కూడా తియ్యలేదు.

ఎందుకంటే దాహం వెయ్యలేదు, అంతే. ఇన్నేళ్లు బండి తోలినా నాకు అర్థం కానిది ఇదే, అందుకే కూర్చుని రాస్తున్నా. పొలంలో పని చేస్తుంటే చెమట కారుతుంది, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది, నీళ్లు పోతున్నాయని కంటికే తెలుస్తుంది. బండి మీద 80లో పోతుంటే చెమట పట్టడం ఆలస్యం గాలికి ఆరిపోతుంది, ఒళ్లు పొడిగా ఉంటుంది, గాలి కొడుతోంది కదా బానే ఉంది అనుకుంటాం. కానీ మన చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటే బయట 43, 44 ఉంటుంది, అంటే ఆ గాలి మనకి వేడి ఎక్కిస్తోంది, చెమట ఆరడం ఒక్కటే ఒంటిని చల్లగా ఉంచుతోంది, ఆ చెమటకి నీళ్లు ఎక్కణ్ణుంచి రావాలి, మనం తాగిందాంట్లోంచే రావాలి.

ఇంకోటి, ఆ రోడ్డు మీద మనల్ని ఆపేది ఏదీ లేదు. పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్ల దగ్గర కార్లవాళ్లు కాసేపన్నా ఆగుతారు, బండ్లకి టోల్ లేదు కాబట్టి మనం పక్కనుంచి సర్రున వెళ్లిపోతాం. అలా వంద కిలోమీటర్లు ఎప్పుడు దాటానో కూడా తెలీలేదు.

కేతేపల్లి దగ్గర మూసీ దాటాక తలనొప్పి మొదలైంది, హెల్మెట్ బిగుతుగా ఉందేమో అనుకున్నా. తర్వాత గేరు తప్పు వేశా, మళ్లీ వేశా. ఎవరో హారన్ కొడితే ఊరికే కోపం వచ్చింది. ఆ తర్వాత ముందున్న లారీ ఎంత దూరంలో ఉందో అంచనా తప్పి, దాని వెనక చివరి క్షణంలో బ్రేకులు నొక్కా. అప్పుడు భయమేసింది, చేతులు వణుకుతున్నాయి, అంత ఎండలో ఒంటి మీద రోమాలు లేచాయి.

కొంచెం ముందుకెళ్తే తాటాకు పందిరి కింద చలివేంద్రం కనిపించింది, రెండు కుండలు, తడి గుడ్డ చుట్టి ఉన్నాయి, ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. హెల్మెట్ తీయగానే నా మొహం చూసి "ఏంది బిడ్డా, మొహం గట్ల గుంజుకపోయింది, గీడ నీడకు కూసో" అంది. నేను చెంబు ఎత్తి గటగటా తాగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి "ఒక్కపారే తాగకు, కక్కుకుంటవ్, మెల్లగ తాగు" అని కుండ నీళ్లు రెండు గుక్కలు, కాసేపాగి తను తెచ్చుకున్న సల్ల, అంటే మజ్జిగ, ఒక గ్లాసు, అందులో ఉప్పు కాస్త ఎక్కువే వేసి ఇచ్చింది. తువ్వాలు తడిపి మెడ మీద వేసింది. ముప్పావుగంటకి మనిషినయ్యా. డబ్బులిస్తే తీసుకోలేదు, చలివేంద్రం దగ్గర డబ్బులేంది బిడ్డా అంది.

ఆ రోజు నుంచీ ముందు మార్చింది నీళ్లు ఎన్ని పట్టుకెళ్లాలనేది కాదు, ఎక్కడ పెట్టుకోవాలనేది. రెండు లీటర్లు వెంట ఉండి కూడా తాగలేదు కదా నేను. బండి ఆపి, గ్లవ్స్ తీసి, బ్యాగు జిప్పు లాగి, సీసా తీసి, హెల్మెట్ తీసి... ఇంత పని ఉంటే ఇంకో పది కిలోమీటర్లు పోయాక చూద్దాంలే అనే అనిపిస్తుంది ఎవరికైనా. అందుకే వీపుకి తగిలించుకునే రెండు లీటర్ల హైడ్రేషన్ బ్యాగ్ కొన్నా, దాని గొట్టం భుజం మీదుగా గడ్డం దాకా వస్తుంది, ఫుల్ ఫేస్ హెల్మెట్‌లో కూడా కింద నుంచి నోట్లోకి దూరుతుంది. ట్రాఫిక్‌లో మాత్రం వాడను, ఖాళీ రోడ్డు మీదో సిగ్నల్ దగ్గరో ఒక గుక్క. వాడే కొద్దీ తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. గొట్టంలో మిగిలిన నీళ్లు ఎండకి కాగిపోతాయి, మొదటి గుక్క టీ లాగా వస్తుంది, అందుకే తాగాక గొట్టంలోకి నోటితో గాలి ఊదితే నీళ్లు వెనక్కి సంచిలోకి పోతాయి. రాత్రి సగం నీళ్లు పోసి ఫ్రీజర్‌లో అడ్డంగా పడుకోబెట్టి, పొద్దున మిగతా సగం పోస్తే చాలాసేపు చల్లగానే ఉంటాయి, పైగా వీపుకి ఆ చల్లదనం తగులుతుంటే ప్రాణం లేచొస్తుంది. దాంట్లో నీళ్లు తప్ప ఏదీ పోయొద్దు, ఒక్కసారి నిమ్మరసం పోశా, రెండు వారాలు వాసన వదల్లేదు, గొట్టం లోపల బూజు పట్టింది.

క్రాష్ గార్డుకి సీసా హోల్డర్ బిగించుకునేవాళ్లని చూస్తుంటా. ఇంజిన్ వేడి, దుమ్ము, గుంతలో పడితే సీసా ఎగిరి వెనకొచ్చేవాడి చక్రం కిందకి, నాకైతే నచ్చదు.

ఇక ఏం తాగాలి అనేదానికొస్తే, గంటల తరబడి చెమట పోతుంటే ఉప్పు కూడా పోతుంది, ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే కూడా ప్రమాదమే, ఒంట్లో సోడియం పడిపోతుంది. ఎండలో పనిచేసేవాళ్లకి చెప్పే లెక్క 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, గంటకి దాదాపు 1.4 లీటర్లు దాటకుండా. నేను దాన్నే పట్టుకున్నా, దాంతోపాటు స్టీలు ఫ్లాస్కులో అమ్మ చేసే సల్ల. పెరుగు బాగా చిలికి, నీళ్లు ఎక్కువ పోసి, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయ వేసి ఐసు ముక్కలు కలిపి పోస్తుంది, పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచాలి, లేదంటే పులిసి మూత తీసేటప్పుడు చిమ్ముతుంది. రాగి సీసాలో మాత్రం సల్లగానీ నిమ్మరసంగానీ పోయకండి, పులుపుకి రాగి దిగుతుంది, కడుపులో తిప్పుతుంది. బయల్దేరే ముందు రాగి అంబలి ఒక గ్లాసు తాగితే పదింటిదాకా వేరే ఆలోచన ఉండదు.

బ్యాగులో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నీళ్లలో కలుపుకునే ఉప్పు, గ్లూకోజు పొడి, ఎప్పుడూ ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) ఫార్ములా ప్రకారం లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. కూల్ డ్రింకులో చక్కెర 100 మిల్లీలీటర్లకే దాదాపు 10 గ్రాములుంటుంది, ఉప్పు ఉండీ లేనట్టే, గొంతుకి చల్లగా ఉంటుంది తప్ప పోయింది తిరిగి రాదు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మేవాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడితే 2025 అక్టోబర్‌లో ఆహార పదార్థాల మీద రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది, ఆవిడకి నిజంగా దండం పెట్టాలి. ప్యాకెట్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందా లేదా చూసుకోండి, ఎన్ని నీళ్లలో కలపాలని రాసుంటే అన్నే పోయండి, కలిపాక 24 గంటల్లో అవ్వాలి. బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి వాడండి.

కట్టంగూరు, నకిరేకల్ వైపు ఈ సీజన్‌లో రోడ్డు పక్కన తాటి ముంజలు పెడతారు, అక్కడ ఆగకుండా పోవడం నాకైతే పాపమే అనిపిస్తుంది. నాలుగు ముంజలు, నీడలో పది నిమిషాలు, ఇంకేం కావాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఇంకోటి. మా ఆవిడ వెనక కూర్చుని వస్తే నీళ్లు ముట్టుకునేది కాదు, వద్దులే అనేది, నేనూ పట్టించుకోలేదు. ఒకసారి గట్టిగా అడిగితే చెప్పింది, తాగితే ఎక్కడికి వెళ్లాలి అని. ఇంత చిన్న సంగతి పెళ్లయిన ఏడేళ్లకి గానీ నాకు తెలీలేదు. పెట్రోల్ బంకుల్లో తాగే నీళ్లు, టాయిలెట్, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలి, అది వాళ్ల రూలు, పెట్రోలు కొట్టించకపోయినా అడగొచ్చు. చాలా చోట్ల తాళం వేసి ఉంటుంది, నేనిప్పుడు మొహమాటం లేకుండా తాళం చెవి అడుగుతా, శుభ్రంగా ఉన్న బంకులన్నీ ఫోన్‌లో మ్యాప్ మీద గుర్తు పెట్టుకుంటున్నా, 50 కిలోమీటర్లకి ఒకటన్నా ఉండేలా చూసుకుని బయల్దేరుతున్నాం. ఇప్పుడు తనే వెనకనుంచి భుజం మీద తడుతుంది, తాగావా అని.

మొన్న ఏప్రిల్‌లో మళ్లీ అదే రోడ్డు మీద వెళ్లాం, ఐదున్నరకే హయత్‌నగర్ దాటాం, ఎనిమిదిన్నరకల్లా ఆ తాటాకు పందిరి దగ్గరున్నాం. కుండలు కొత్తవి వచ్చాయి, పెద్దమ్మ ఇంకా రాలేదు, ఎవరో కుర్రాడు నీళ్లు నింపుతున్నాడు. ఆమెకోసం అమ్మ పంపిన సల్ల సీసా అతని చేతికిచ్చి, పోయినేడు మొహం గుంజుకపోయినోడు ఇచ్చాడని చెప్పమన్నా.