రోడ్డు కోసం వెళ్తే పైపులు బయటపడ్డాయి

మా వీధికి కొత్త తారు వేయించాలి, అంతే. ఈ ఒక్క పనితోనే మొదలుపెట్టాను. వీధి పొడవు 340 మీటర్లు, రెండు వైపులా కలిపి 41 ఇళ్లు. వర్షం పడితే ఎక్కడ గుంత, ఎక్కడ నేల అనేది తెలియదు. అందరి సంతకాలతో అర్జీ రాసి ఇచ్చాను. మహా అయితే ఆరు నెలల పని అనుకున్నా. నాలుగేళ్లు పట్టింది.

అర్జీ తీసుకున్న ఇంజనీరు మేడమ్ రోడ్డు గురించి ఒక్క మాట కూడా అడగలేదు. "మీ వీధిలో ప్యాచ్‌లు ఎన్ని ఉన్నాయి సార్?" అన్నారు. నాకేం తెలుసు? ఆ ఆదివారం పొద్దున్నే సుద్దముక్క పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ఒక్కో ప్యాచ్ మీద నంబరు వేసుకుంటూ పోతే 23 తేలాయి. వాటిలో 17 వీధికి ఎడమ పక్కనే, దాదాపు ఒకే వరసలో ఉన్నాయి. ఆ కాగితం చూపిస్తే మేడమ్ నవ్వారు. "ఆ వరస కిందే మీ మంచినీళ్ల మెయిన్ పైపు ఉంటుంది. ఇవి రోడ్డు పాడై వేసిన ప్యాచ్‌లు కావు. పైపు కారినప్పుడల్లా తవ్వి పూడ్చినవి. ఇప్పుడు పైన తారు పోస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ తవ్వుతాం."

తవ్విన రోడ్డు మళ్లీ మునుపటిలా ఎందుకు కాదో కూడా అప్పుడే తెలిసింది. పూడ్చే మట్టిని ఒక్కసారిగా గుమ్మరించకూడదు. పలుచటి పొరలుగా వేసి, తగినంత తడిపి, ఒక్కో పొరనూ దిమ్మిస చేయాలి. ప్రయోగశాలలో ఆ మట్టి ఎంత గట్టిపడుతుందో కొలిచి, అందులో కనీసం 95 శాతం గట్టిదనం గోతిలో రావాలంటారు. దీనికి ప్రాక్టర్ పరీక్ష అని పేరు, 1933 నుంచి వాడుకలో ఉంది. అర్ధరాత్రి లీకు ఆపడానికి వచ్చినవాళ్లు ఇదంతా ఎక్కడ చేస్తారు? అందుకే ప్రతి ప్యాచూ మూడు నెలల్లో పళ్లెంలా దిగబడుతుంది.

తర్వాత రోడ్డుకు మార్కులు వేశారు. ఒక్కో రకం పగులు, గుంత, కుంగుబాటు ఎంత మేర ఉందో కొలిచి 0 నుంచి 100 వరకు ఇస్తారు. అమెరికా సైన్యంలోని ఇంజనీర్ల విభాగం తయారుచేసిన పద్ధతి ఇది. 100 అంటే కొత్త రోడ్డు. మాకు 28 వచ్చింది. నాకైతే లోలోపల సంతోషమే, ఇంత తక్కువ వచ్చింది కాబట్టి మా వీధినే ముందు పట్టుకుంటారని. కానీ లెక్క తిరగబడింది. 65, 70 మార్కుల్లో ఉన్న రోడ్డుకు ఇప్పుడు పైపైన పలుచటి పొర వేస్తే ఇంకొన్నేళ్లు లాగుతుంది, ఖర్చు కూడా తక్కువ. 28కి పడిపోయినదాన్ని అడుగు నుంచి తవ్వి కట్టాల్సిందే. ఇంకో రెండేళ్లు ఆగినా అదే పని, దాదాపు అదే ఖర్చు. కాబట్టి ఉన్న కొద్దిపాటి నిధులు ముందు మంచి రోడ్లకు పోతాయి. బాగున్న వీధికి ముందు, పాడైన వీధికి తర్వాత! ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఎవరూ నమ్మలేదు. నాకూ ఒళ్లు మండింది. కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాకే ఒప్పుకున్నాను.

మా వీధి మళ్లీ జాబితాలో పైకి వచ్చిందంటే కారణం పైపులే. రోడ్డు, మంచినీళ్లు, డ్రైనేజీ, మూడింటి పరిస్థితీ కలిపి చూసి, మూడూ చెడిపోయిన చోట ఒకేసారి తవ్వుతారు. ఎవరికి వారు విడివిడిగా తవ్వితే మూడుసార్లు పూడ్చాలి, మూడుసార్లు తారు వేయాలి. ఇంతా చూస్తే వేర్వేరు గదుల్లో కూర్చునే మూడు విభాగాల వాళ్లను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికే ఏడాది పోయింది. దాని గురించి రాయడానికేమీ లేదు. తిరిగాను, అంతే.

డ్రైనేజీలోకి కెమెరా పంపిన రోజు మాత్రం మరిచిపోలేను. నాలుగు చక్రాల చిన్న బండి, ముందు లైటు, వెనక తాడులా కేబులు. మ్యాన్‌హోల్లోంచి దింపారు. వ్యాన్‌లో తెర మీద చూస్తుంటే డాక్టరు దగ్గర మన స్కానింగు చూసుకున్నట్టే ఉంది. 40 మీటర్ల దగ్గర ఒక అతుకులోంచి చెట్టు వేళ్లు జుట్టులా వేలాడుతున్నాయి. 62 దగ్గర రెండు పైపులు ఒకదానికొకటి సగం అంగుళం తప్పుకుని ఉన్నాయి. ఇంకొంచెం ముందుకు వెళ్లాక పక్క గోడలోంచి తేటగా సన్నటి ధార పడుతోంది. వానల్లేని రోజులవి. అది భూగర్భజలం అన్నారు. రాత్రీ పగలూ ఆ మంచి నీళ్లు మురుగులో కలుస్తుంటే, అక్కడ శుద్ధి కేంద్రంలో దాన్నీ డబ్బు పెట్టి శుభ్రం చేస్తున్నారు. 118 దగ్గర బండి నీళ్లలో మునిగింది. అక్కడ పైపు కిందికి కుంగి పొట్ట పడింది.

ఆ పొట్ట వల్లే ప్లాను మారింది. అప్పటిదాకా తవ్వకుండానే పాత పైపు లోపల కొత్త గొట్టం వేద్దామనుకున్నారు. రెసిన్ అనే జిగురులో నానబెట్టిన మెత్తటి గుడ్డ గొట్టాన్ని మ్యాన్‌హోల్లోంచి లోపలికి పంపి, వేడి నీళ్లతోనో ఆవిరితోనో గట్టిపరుస్తారు. లండన్‌లో 1971లో మొదటిసారి చేశారట. మంచి పద్ధతే. కానీ కొత్త గొట్టం పాత పైపు ఎలా వంగితే అలాగే వంగుతుంది. 200 మిల్లీమీటర్ల డ్రైనేజీ పైపుకు మీటరుకు కనీసం 4 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. లేకపోతే మురుగు పారదు, మడ్డి అడుగున పేరుకుంటుంది. పొట్ట ఉన్న చోట ఏ గుడ్డ గొట్టమూ వాలు తేలేదు. చివరికి సగం వీధిలో గొట్టం వేసి, మిగతా సగం తవ్వాలని తేల్చారు.

మంచినీళ్ల పైపు ముక్క ఒకటి కోసి మీటింగుకు తెచ్చారు. బయట నుంచి చూస్తే దుక్కలా ఉంది. అడ్డంగా తిప్పి చూపిస్తే లోపల తుప్పు గడ్డలు గడ్డలుగా పెరిగి, 100 మిల్లీమీటర్ల పైపులో రెండు వేళ్లు దూరేంత సందు మిగిలింది. మా మేడ మీదకు నీళ్లెందుకు ఎక్కడం లేదో అప్పుడు అర్థమైంది. ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ప్రెషర్ లేదని మెయిన్‌కే మోటారు బిగించి లాగినవాళ్లలో నేనూ ఒకణ్ని. అలా లాగితే పైపులో ఒత్తిడి పడిపోయి, అతుకుల దగ్గర బయటి మురికిని లోపలికి పీల్చుకుంటుందని మేడమ్ అందరి ముందూ చెప్పారు. నా వైపు చూడలేదు గానీ, నేను తల దించుకున్నాను.

ఒకాయన లేచి, వర్సాయ్ తోటల్లో 17వ శతాబ్దంలో వేసిన పోత ఇనుము పైపులు 300 ఏళ్లకు పైగా పనిచేశాయి, మనవి 60 ఏళ్లకే ఎందుకు పోవాలని అడిగారు. చదువుకుని వచ్చారన్నమాట. పైపు గోడ మందం, చుట్టూ ఉన్న మట్టి, లోపల పారే నీటి గుణం, వీటిని బట్టి ఆయుష్షు మారుతుందని మేడమ్ చెప్పారు. మా మట్టి తుప్పు పట్టించేది. అదీగాక మా పైపులకు లోపల సిమెంటు పూత లేదు.

ఇక డబ్బు. అసలు యుద్ధం ఇక్కడే.

రోడ్డు ఖర్చు మున్సిపాలిటీ సాధారణ నిధి నుంచి, మెయిన్ పైపులు నీటి చార్జీలు, డ్రైనేజీ చార్జీల నిధుల నుంచి. ఇవి కాక అంచురాళ్లు, ఫుట్‌పాత్, ఇంటి కనెక్షన్లలో కొంత ఇళ్లవాళ్లు భరించాలి. మున్సిపాలిటీ తన వాటా కోసం 20 ఏళ్ల బాండ్లతో అప్పు చేస్తుందంటే చాలామంది గోల చేశారు. వడ్డీ ఎవరు కడతారని. మొదట నేనూ వాళ్ల వైపే. కానీ పైపు 50 ఏళ్లకు పైగా ఉంటుందనుకుంటే, ఇప్పుడు ఉన్నవాళ్ల దగ్గరే మొత్తం గుంజి, పదేళ్ల తర్వాత వచ్చేవాళ్లకు ఉచితంగా ఇవ్వడం ఏం న్యాయం? అప్పు తీరేలోపు వచ్చేవాళ్లూ చార్జీల రూపంలో కడతారు. పైపుకన్నా అప్పు ముందు తీరాలి, చూసుకోవాల్సింది అది.

ఇళ్లవాళ్ల వాటా ఎలా పంచాలన్న దగ్గర మూడు పార్టీలయ్యాం. ఇంటికి ఇంతని సమానంగా వేయాలని కొందరు, స్థలం విస్తీర్ణాన్ని బట్టి అని కొందరు, రోడ్డు వైపు ఎన్ని అడుగులుంటే అంత అని ఇంకొందరు. నేను అడుగుల పార్టీ. న్యాయం, శాస్త్రీయత అంటూ గట్టిగా మాట్లాడాను. నా స్థలం ముందు సన్నం, వెనక లోతు ఎక్కువ. ఆ సంగతి చెప్పలేదు.

మూలనున్న ఇంటి పెద్దావిడ అంతా విని చివర్లో మాట్లాడారు. ఆవిడ స్థలానికి రెండు వైపులా రోడ్డే. మా వీధి వైపు పొడవాటి పక్క. అడుగుల లెక్కన నాకు పడే దానికి మూడు రెట్లు ఆవిడకు పడుతుంది. "బాబూ, నా గుమ్మం ఆ వీధిలో ఉంది. ఈ వైపు నాకున్నది గోడే. గోడకేం దాహం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పైగా రేపు ఆ వీధి తవ్వినప్పుడు మళ్లీ ఆవిడే కట్టాలి.

మూడు మీటింగుల తర్వాత ఒక దారికి వచ్చాం. అంచురాళ్లు, ఫుట్‌పాత్ అడుగుల లెక్కన, కనెక్షన్ ఖర్చు ఇంటికి ఇంతని. మూల స్థలాలకు పొడవాటి పక్కలో సగమే లెక్క. పదేళ్ల వాయిదాలు. ఆదాయం లేని వృద్ధులు కావాలంటే ఇల్లు అమ్మే రోజు వరకు వాయిదా వేసుకోవచ్చు, వడ్డీ మాత్రం పెరుగుతుంది. పెద్దావిడ వాయిదా వద్దన్నారు. "అప్పు పెట్టి పోలేను" అని మొదటి కంతు అందరికన్నా ముందు కట్టేశారు.

ఒక్క విషయంలో మాత్రం నేను పట్టు వదల్లేదు. మెయిన్ నుంచి ఇంటి గోడ దాకా ఉండే సన్న పైపు ఇంటివాళ్లదట. కొత్త మెయిన్ వేసి, పాత సన్న పైపును దానికే అతికిస్తే మున్సిపాలిటీ పని అయిపోయినట్టే. తొమ్మిది ఇళ్లకు అది సీసం పైపు. సీసం ఎంత తక్కువైనా ప్రమాదం లేదని చెప్పగల మోతాదు అంటూ లేదు. పైగా సగం మార్చి సగం వదిలేస్తే, ఆ కదలికకు కొన్నాళ్లపాటు నీళ్లలో సీసం ఇంకా పెరగొచ్చు. అందుకని ఆ తొమ్మిదీ మెయిన్ నుంచి మీటరు దాకా పూర్తిగా మార్చాలని టెండర్లోనే రాయించాం. వాళ్ల వాటా అందరం పంచుకున్నాం. ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

ఎస్టిమేట్ పెరిగితే ఏది తీసేయాలో చూస్తూ, ఫుట్‌పాత్ కింద వేసే రెండు ఖాళీ గొట్టాల మీద గీత గీశారు. రేపెప్పుడైనా కేబుళ్లు వేసుకోవడానికని పెట్టినవి. మొత్తం ఖర్చులో అవెంత, నలుసంత. తీసేయొద్దని మేడమ్ గట్టిగా నిలబడ్డారు. నాకైతే అప్పుడు అంత పట్టింపు లేదు.

పని మొదలయ్యాక అందరి వీధిలో అయ్యేదే మాకూ అయింది. దుమ్ము, చప్పుడు, గుమ్మాల ముందు చెక్కలు. నేల మీద తాత్కాలిక పైపు వేసి నీళ్లిచ్చారు, ఎండకు అవి కాఫీ కాచుకునేంత వేడెక్కాయి. పాత మ్యాపులో ఎడమన ఉన్న వాల్వు కుడివైపు దొరికింది. ఆ రోజు నుంచి గోయి పూడ్చేముందు ప్రతిచోటా టేపు పెట్టి, ఇంటి గోడకు ఎన్ని అడుగుల దూరం, ఎంత లోతు అని ఫొటో తీసి పెట్టుకున్నాను. కొత్త పైపులో ప్రెషర్ పరీక్ష అయ్యాక క్లోరిన్ నీళ్లు నింపి, ఒక రోజు ఉంచి, కడిగి, శాంపిల్ బాగుందని తేలాకే ఇళ్లకు కలిపారు.

అన్నింటికన్నా ఎక్కువ తిట్లు తిన్నది చివరి పొర కోసం. కింది తారు పొర వేసి, పై పొర వేయకుండా ఒక వానాకాలం వదిలేశారు. కుంగాల్సింది ముందే కుంగితే సరిచేసి పైన వేయొచ్చని. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు కన్నా నాలుగు సెంటీమీటర్లు ఎత్తుగా, నాలుకలు చాపినట్టు ఉండిపోయాయి. ఎదురింటి కుర్రాడు స్కూటరు మీద నుంచి పడి, మోచేయి చూపిస్తూ "అంకుల్, ఇదేనా మీ రోడ్డు?" అన్నాడు. మూడు చోట్ల నిజంగానే కుంగింది, సరిచేశారు. ఆ తర్వాత పై పొర పడింది.

రోడ్డు వేసిన రెండో నెలలో ఒక పొద్దున రోడ్డు కోసే మిషను చప్పుడు వినపడింది. చెప్పుల్లేకుండానే పరిగెత్తాను. ఇంటర్నెట్ కేబుల్ వాళ్లు. ఒకతను మూల దగ్గర గీత కూడా గీసేశాడు. ఆగమని బతిమాలి, ఫోన్‌లో పాత ఫొటో తెరిచి, ఫుట్‌పాత్ మీద చిన్న మూత ఎక్కడుందో చూపించాను. తీసి చూస్తే ఖాళీ గొట్టం, లోపల మా వాళ్లు వదిలిన నైలాన్ తాడు అలాగే ఉంది. అతను ఆ కొసకు కేబులు కట్టాడు, ఆ చివర నుంచి ఇంకొకడు లాగాడు. మిషను తిరిగి బండెక్కింది. పెద్దావిడ గోడ మీద నుంచి చూస్తూ, "ఇంతేనా బాబూ?" అన్నారు.

"ఇంతేనమ్మా" అన్నాను.