ఫ్యాన్ ఆపిన రాత్రులు

ఈ వారం హైదరాబాద్‌లో చలి బాగా పెరిగింది. ఫ్యాను వేయకుండానే పడుకుంటున్నాం. అమ్మ ఊరి నుంచి వచ్చి పది రోజులైంది. నా కంప్యూటర్ ఉన్న గదిలోనే ఆవిడ మంచం. పొద్దున కాఫీ తాగుతూ అంది: "రాత్రి నీ డబ్బా ఒకటే రొద నాన్నా. గుయ్‌మని పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది. పోయిందిలే అని కళ్ళు మూసుకుంటే మళ్ళీ మొదలు. మధ్యలో ఎవరో అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్నట్టు చప్పుడు."

ఆవిడ కళ్ళు ఎర్రగా ఉంటే ప్రయాణ బడలిక అనుకున్నాను. చాలా బాధేసింది. ఆదివారం కదా, టిఫిన్ అవగానే ఆ పని మీదే కూర్చున్నాను.

ఆ డబ్బాలో రెండు పెద్ద హార్డ్ డిస్కులున్నాయి. నాన్న తీసిన ఫోటోలు, పాత వీడియో క్యాసెట్ల నుంచి ఎక్కించిన పెళ్ళిళ్ళు, అన్నీ రెండింట్లోనూ ఉంటాయి, ఒకటి పోయినా రెండోది మిగులుతుందని. రెండూ నిమిషానికి 7200 చుట్లు తిరిగేవే. అంటే సెకనుకు 120. ఆ 120 హెర్ట్జే మనకు వినిపించే గుయ్‌. 5400 చుట్లదైతే 90 హెర్ట్జ్, ఇంకా మంద్రంగా ఉంటుంది. మరి పెరగడం, తగ్గడం ఏమిటి? రెండు డిస్కులూ అచ్చంగా ఒకే వేగంతో తిరగవు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. తంబురా తీగలు రెండూ శ్రుతి కలిసీ కలవనప్పుడు నాదం ఊగుతుందే, అదే ఇది. ఒకదానికి కరెంటు తీసేసి చూశాను. ఊగడం పోయింది, గుయ్‌ మాత్రం ఒకే తీరుగా మిగిలింది.

ఇక ఇంట్లో ఉన్న డిస్కులన్నీ బయటికి తీశాను. కిటికీలు మూసి, ఫ్రిజ్ కూడా కాసేపు ఆపి, ఒక్కొక్కటే అదే బల్ల మీద పెట్టి మూరెడు దూరం నుంచి విన్నాను. ఫోన్లోని డెసిబెల్ యాప్ పనికిరాలేదు. డిస్కు తిరిగినా తిరక్కపోయినా దానికి ఒకటే అంకె. కంపెనీ వాళ్ళ వివరాల్లో బెల్స్ లెక్క ఉంటుంది, 2.5 బెల్స్ అంటే 25 డెసిబెల్స్. కానీ అది డిస్కు మొత్తంగా వెదజల్లే ధ్వని శక్తి, మన చెవి దగ్గర కొలిచింది కాదు. అందుకే చెవినే నమ్ముకున్నాను. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన చిన్నది చెవి ఆనిస్తే గానీ వినపడలేదు. 5400 చుట్ల పెద్దది మెత్తగా ఉంది. 2009లో కొన్న 500 జీబీ పాతదే అన్నిటికంటే గట్టిది. తిరిగే చప్పుడు కాదు, లోపలి పళ్ళెం మీద రాసి చదివే హెడ్ అటూ ఇటూ పరిగెత్తే టకటక. అందులో హెడ్ నడకను నెమ్మది చేసే సెట్టింగ్ ఉంది. 254 పెడితే పూర్తి వేగం, 128 పెడితే బాగా నెమ్మది. 128 పెట్టగానే టకటక కాస్తా గొణుగుడైంది. ఇంత మంచి సదుపాయాన్ని కొత్త డిస్కుల్లో చాలావాటికి తీసేశారు. నాకది నచ్చలేదు.

అప్పుడే అమ్మ వచ్చి బల్ల మీద అరచెయ్యి ఆనించింది. "చప్పుడు దీంట్లో కూడా ఉంది నాన్నా, చూడు. ఇంట్లో గ్రైండర్ కింద గోనెపట్టా ఎందుకు వేస్తాను?" నేనూ చెయ్యి పెట్టాను. వేళ్ళ చివర్లు జివ్వుమన్నాయి. పొద్దున్నుంచీ నేను డిస్కులను పోల్చుతున్నాను గానీ, వాటి కింద ఏముందో ఆలోచించనే లేదు. కంప్యూటర్ క్యాబినెట్‌లో స్క్రూలతో బిగించిన చోట రేకంతా డప్పులా మోగుతోంది.

గుడ్డలో చుడితే డిస్కు వేడెక్కుతుంది. అందుకని కింద సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చాను. అగ్గిపెట్టె వెడల్పున ఎనిమిది ముక్కలు కత్తిరించి, సబ్బుతో కడిగి ఆరబెట్టాను. ట్యూబు లోపలి తెల్ల పొడి వేళ్ళకు అంటుకుని ఎంతకీ వదల్లేదు. కంప్యూటర్ ఆపి, తిరగడం పూర్తిగా ఆగేదాకా ఆగాను. తిరిగేటప్పుడు హెడ్ పళ్ళేనికి నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది, ఆ టైంలో కదిలిస్తే ఫోటోలు దక్కకపోవచ్చు. స్క్రూలు విప్పి, క్యాబినెట్ అడుగున డిస్కుకు నాలుగు ముక్కల చొప్పున వేసి, మధ్యలో గాలి ఆడేలా పడుకోబెట్టాను.

హెడ్ చప్పుడు ఇంకా సన్నగా వస్తోంది. అది బ్యాకప్ నడిచేటప్పుడే కాబట్టి, రాత్రి 2 గంటల బ్యాకప్‌ను పగలు 11కి మార్చేశాను.

ఇప్పుడు టైం పదకొండున్నర. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు డిస్కులూ తిరుగుతూనే ఉన్నాయి. బల్ల మీద చెయ్యి పెడితే ఏమీ తెలియడం లేదు.