దావోస్ మంచు మీద ఎడమకాలి వృత్తం

తెలుగు పత్రికలు చదివేవారికి దావోస్ అంటే జనవరి నెల, పెట్టుబడుల ఒప్పందాలు, చలికోట్లు తొడుక్కున్న మన ముఖ్యమంత్రులు. నాకు మాత్రం స్విట్జర్లాండ్‌లోని ఈ ఊరు అమెరికా స్కేటింగ్ క్రీడాకారిణి టెన్లీ ఆల్‌బ్రైట్ గెలిచిన ఊరు.

ఏడాదిన్నర వయసులో వచ్చిన జ్వరం నా ఎడమకాలిని తీసుకుపోయింది. పన్నెండేళ్లప్పుడు ఆసుపత్రిలో కాలికి వ్యాయామం చేయించే ఆయన, నేను నొప్పికి ఏడ్చినప్పుడల్లా ఒకటే మాట అనేవారు: "అమెరికాలో నీలాగే పోలియో వచ్చిన పిల్ల మంచు మీద ఆడి ప్రపంచాన్ని గెలిచింది. నువ్వు నాలుగు అడుగులు వేయలేవా?" ఆ పిల్ల పేరేమిటో ఆయన చెప్పలేదు. పేరు కూడా తెలియని ఆమె మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది.

పేరు తెలిసింది బ్యాంకు ఉద్యోగంలో నా బల్ల మీదికి కంప్యూటర్ వచ్చాక. 1946లో, పదకొండేళ్ల వయసులో టెన్లీకి పోలియో వచ్చింది. కోలుకున్నాక ఒంట్లో బలం రావడానికి మళ్లీ స్కేటింగ్ మొదలుపెట్టింది. 1953 ఫిబ్రవరిలో, పదిహేడేళ్లకు, దావోస్‌లో ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ విజేత అయింది. అమెరికా మహిళల్లో ఆ పతకం అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. అది చదివిన రోజే అనుకున్నాను, ఎప్పటికైనా ఆ ఊరు చూడాలని. మా అమ్మాయి ఉద్యోగం జ్యూరిక్‌లో కావడం వల్ల మొన్న ఫిబ్రవరిలో అది కుదిరింది.

జ్యూరిక్ నుంచి లాండ్‌క్వార్ట్ దాకా పెద్ద రైలు, అక్కడ దిగి ఎర్రరంగు మీటరు గేజి రైలు. మొత్తం రెండున్నర గంటల ప్రయాణం. వాలెన్ సరస్సు దాటేవరకు పచ్చిక అక్కడక్కడా కనిపించింది. క్లోస్టర్స్ దాటాక కిటికీలో తెలుపు తప్ప మరేమీ లేదు. ప్లాట్‌ఫారం మీద అడుగుపెట్టగానే మా అమ్మాయి నా చేతికర్ర కొసకు ఇనుప ముల్లు బిగించింది. మంచులో నడిచే వృద్ధుల కోసం అక్కడ అమ్ముతారట. "తొందరేమీ లేదమ్మా, నీ నడక నువ్వు నడు" అంది.

దావోస్ సముద్రమట్టానికి 1560 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఊరికి మొదట పేరు తెచ్చింది ఆటలు కావు, క్షయ. అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే వైద్యుడు 1853లో ఇక్కడికి వచ్చాడు. ఈ పొడిగాలి ఊపిరితిత్తులకు మంచిదని ఆయన నమ్మాక యూరప్ నలుమూలల నుంచి రోగులు వచ్చి చేరారు. పైన కొండ అంచున కనిపించే షాట్జాల్ప్ ఇప్పుడు హోటలు, ఒకప్పుడు శానిటోరియం, అంటే క్షయ రోగుల ఆసుపత్రి. దక్షిణానికి తెరిచిన దాని వరండాలను చూడగానే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం గుర్తొచ్చింది. మా అమ్మమ్మ తమ్ముడు అక్కడ ఏడాదిపాటు అలాగే ఆరుబయట మంచం మీద పడుకుని గాలి పీల్చాడని అమ్మ చెప్పేది.

రోగులు దుప్పట్లు కప్పుకుని పడుకునే ఊళ్లోనే కింద మైదానంలో నీళ్లు పోసి గడ్డకట్టించి ఆటలు ఆడారు. 1899లోనే ఇక్కడ ఫిగర్ స్కేటింగ్ ప్రపంచ పోటీ జరిగింది. 1906లో మహిళల మొదటి ప్రపంచ పోటీ కూడా ఇక్కడే. రెండో ప్రపంచయుద్ధం వల్ల 1940 నుంచి 1946 దాకా ప్రపంచ పోటీలే లేవు. 1947లో స్టాక్‌హోమ్‌లో మళ్లీ మొదలై, మరుసటి ఏడాదే దావోస్‌కు వచ్చాయి. యుద్ధం నడిచినన్నాళ్లూ తటస్థంగా ఉన్న దేశం కదా, హోటళ్లూ మైదానాలూ చెక్కుచెదరలేదు. 1948లో ఇక్కడ పురుషుల్లో అమెరికాకు చెందిన డిక్ బటన్, మహిళల్లో కెనడాకు చెందిన బార్బరా ఆన్ స్కాట్ గెలిచారు. ఇద్దరూ సెయింట్ మారిట్జ్ ఒలింపిక్ బంగారు పతకాలతో ఈ ఊళ్లో దిగినవారే. జర్మనీని అప్పట్లో పోటీలకు పిలవలేదు. అయిదేళ్ల తరువాత ఇదే దావోస్‌లో టెన్లీ వెనక రెండో స్థానంలో నిలిచింది గుండీ బుష్ అనే జర్మన్ అమ్మాయి. ఈ చిన్న సంగతి నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

1953 పోటీ జరిగింది ఆరుబయట. ఎండ, గాలి, మంచు ఏది వస్తే అది భరించాలి. ఇప్పుడు చెక్క పైకప్పుతో పెద్ద స్టేడియం ఉంది, దాని పక్కన ఆకాశం కింద మంచుగడ్డ పరిచిన మైదానం ఉంది. నేను స్టేడియంలోకి వెళ్లనే లేదు, బయటి కటకటాల దగ్గరే నిలబడ్డాను.

పొద్దున్న పదింటికి అక్కడ పిల్లలు పది మంది, ఒక మూల నెరిసిన జుట్టుతో ఒకావిడ. పిల్లలు కేరింతలు కొడుతుంటే ఆవిడ ఒంటికాలి మీద అతి నెమ్మదిగా ఒక వృత్తం గీస్తోంది. అది పూర్తికాగానే కాలు మార్చి, అదే బిందువు నుంచి రెండో వైపు ఇంకో వృత్తం. ఇంగ్లీషు ఎనిమిది అంకె వచ్చింది. మళ్లీ అదే గీత మీద, మళ్లీ అదే గీత మీద. నేను కొయ్యబారిపోయాను. పుస్తకాల్లో చదివిన ఆ బొమ్మలు కళ్లముందు గీస్తున్న మనిషి దొరుకుతుందని అనుకోలేదు.

ఫిగర్ స్కేటింగ్‌లో ఫిగర్ అంటే ఆ బొమ్మే. టెన్లీ కాలంలో మొత్తం మార్కుల్లో 60 శాతం వీటికే. గెంతులూ గిరికీలూ మిగిలిన 40 శాతం. న్యాయనిర్ణేతలు మంచు మీదికి నడిచి వచ్చి, వంగి, గీత మీద గీత పడిందో లేదో చూసేవారు. టీవీలో చూసేవారికి ఇది విసుగు. క్రమంగా మార్కులు తగ్గించి, 1990 తరువాత పోటీల నుంచి పూర్తిగా తీసేశారు. నా మటుకు నాకు అది ఆ ఆటకు జరిగిన నష్టమే.

ఎందుకంటే నేను ముగ్గుల పిల్లను. తొక్కుడుబిళ్ల ఆడలేని నాకు పీట మీద కూర్చుని జరుగుతూ మెలికల ముగ్గు వేయడం వచ్చు. మొదలుపెట్టిన చోటికే గీత వచ్చి కలవాలి, ఎక్కడా తెగకూడదు. సంక్రాంతి నెలలో మా వీధిలో నా ముగ్గు ముందు జనం ఆగేవారు. అయితే నా ముగ్గుకు చేయి చాలు. ఈ మంచు ముగ్గుకు రెండు కాళ్లూ సమానంగా కావాలి. కుడికాలితో ఎంత వృత్తమో ఎడమకాలితో అంతే రావాలి. బలహీనమైన కాలిని దాచుకోవడానికి ఇందులో చోటు లేదు.

మా అమ్మాయి జర్మన్‌లో పలకరిస్తే ఆవిడ కటకటాల దగ్గరికి వచ్చింది. నా కర్రను, బూటుకు బిగించిన పట్టీలను చూసి, ఏమీ అడగకుండా గేటు తెరిచింది. నన్ను చేయి పట్టుకుని అంచు దాకా తీసుకువెళ్లి, వంగి గీతను వేలితో చూపింది. స్కేటు బ్లేడు అడుగున సన్నటి గాడి ఉంటుందట, దానికి ఇటూ అటూ రెండు అంచులు. ఒక అంచు మీద నిలబడితే ఒకే గీత పడుతుంది. తడబడి రెండింటి మీదా నిలబడితే జంట గీతలు. ఆవిడ వృత్తంలో రెండంగుళాల మేర జంట గీత ఉంది. "ఇక్కడ నా ఎడమకాలు ఆలోచించింది" అందని మా అమ్మాయి అనువదించింది.

టెన్లీ గురించి చెబితే ఆవిడకు తెలుసు. ఆమె 1956లో కోర్టినా ఒలింపిక్స్‌కు రెండు వారాల ముందు చీలమండ తెగినా బంగారు పతకం గెలిచిందని, తరువాత హార్వర్డ్‌లో వైద్యం చదివి సర్జన్ అయిందని ఆవిడే చెప్పింది.

అక్కడ నిలబడి ఆ వ్యాయామం ఆయనకు చెప్పుకోవలసిన జవాబు మనసులో చెప్పుకున్నాను. పోలియో క్రిమి వెన్నుపాములో కండరాలను నడిపే కణాలను చంపుతుంది. చచ్చినవి తిరిగి రావు. ఎన్ని మిగిలాయన్నది మన పట్టుదల చేతిలో లేదు. టెన్లీకి మిగిలాయి, నాకు మిగలలేదు. ఆమెను చూపించి నన్ను తిట్టడం నాకు అన్యాయం. ఆమెకు కూడా అన్యాయమే, ఎందుకంటే ఆమె గొప్పతనం జబ్బు నుంచి లేవడంలో కంటే, లేచాక తెల్లవారుజామున చలిలో రెండు కాళ్లతో వేలసార్లు వృత్తాలు గీయడంలో ఉంది.

ఆవిడ మళ్లీ మధ్యలోకి వెళ్లింది. ఈసారి ఎడమకాలితో మొదలుపెట్టింది. మేము ఎక్కవలసిన రైలుకు ఇంక పది నిమిషాలే ఉందని మా అమ్మాయి గడియారం చూపించింది. నా నడకకు స్టేషను ఇరవై నిమిషాలు. "తరువాతి దానికి వెళదాంలే" అన్నాను. ఆవిడ వృత్తం సగం దాటింది, గీత ఇంకా ఒక్కటే పడుతోంది.