బేస్ క్లాస్ లావెక్కి చిక్కిన సంగతి

పర్లాకిమిడిలో మా అన్నయ్యకు ఇనుప సామాన్ల దుకాణం ఉంది. మేకులు, బందులు, గొళ్లేలు, నీళ్ల పైపులు. ఊరు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ నది దాటి కాస్త పోతే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మేం అందులోకి వెళ్లాం, పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. బేరాలకు ఈ గీత అడ్డం కాదు కానీ లెక్కలకు అడ్డమే. ఊళ్లోనే ఇంకో దుకాణానికి సరుకిస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం పన్ను, రాష్ట్రం పన్ను). పాతపట్నం దుకాణానికి పంపితే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే సరుకు మీద పన్ను. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు చూస్తే తెలుస్తుంది: మాది 21, వాళ్లది 37.

లెక్కలు చూసేది వదిన. బిల్లుల సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫైలు ముందేసుకుని, నోటుబుక్కులో రెండు గళ్లు గీసి విడదీసేది. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న నేను ఒక ఆదివారం ఆ పనికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న స్క్రిప్టు రాసిచ్చాను. దుకాణంలో పాత కంప్యూటరు, అందులో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్. "ఇది బావుంది బాబూ, బాకీలు కూడా ఇందులోనే పెట్టీరాదా?" అంది వదిన. అలా ఒకటొకటే చేరి ఏడు సబ్‌కమాండ్లయ్యాయి, అంటే ఒకే ప్రోగ్రాం కింద పేరు కొట్టి నడిపే ఏడు పనులు: మొదలు, దింపు, లెక్క, బాకీ, దాచు, సరిచూడు, ఊడ్చు. మొత్తం పనిముట్టు పేరు ఖాతా.

పేర్ల గురించి ఒక మాట. మొదట ఇంపోర్ట్, బ్యాకప్, క్లీనప్ అనే పెట్టాను. వదిన వాటిని ప్రతిసారీ తప్పు స్పెల్లింగుతో కొట్టేది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరిది. ఇక్కడ కూర్చుని క్లీనప్ అని పెట్టడం నాకే సిగ్గనిపించింది. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో తెలుగు గుణింతాలు చెదిరిపోతున్నాయి కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, అది వేరే బాధ. కానీ ఊడ్చు అంటే ఏం జరుగుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఏడు కమాండ్లకూ ఏడు ఫైళ్లు. ప్రతి దాంట్లో పైన అవే ఇరవై లైన్లు: సెట్టింగుల ఫైలు చదువు, డేటాబేస్ తెరువు, పెన్‌డ్రైవ్ ఎక్కడుందో చూడు. ఒకచోట దిద్దితే మిగతా ఆరుచోట్ల మర్చిపోయేవాణ్ని. అందుకని బేస్ క్లాస్, అంటే కమాండ్లన్నీ వారసత్వంగా తీసుకునే ఉమ్మడి కోడ్, రాయాలని కూర్చున్నాను. అక్కడే దారి తప్పాను. ఏడింటిలో రెండుచోట్ల కనిపించినదల్లా ఏరి బేస్ క్లాసులో పోశాను. కన్‌స్ట్రక్టర్ (క్లాస్ నుంచి ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) పిలవగానే సెట్టింగులు చదువుతుంది, ఒకే ఫైల్లో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ తెరుస్తుంది, పట్టికలు లేకపోతే తనే సృష్టిస్తుంది, పెన్‌డ్రైవ్ వెతుకుతుంది. 21, 37 విడదీసే ఫంక్షన్ కూడా అందులోనే, మూడు కమాండ్లకు కావాలి కదా అని. నాలుగు వందల లైన్లు. ఒక్కో కమాండ్ మాత్రం ముచ్చటగా పది లైన్లకు వచ్చేసింది. చాలా గొప్పగా ఫీలయ్యాను.

మొదటి దెబ్బ చిన్నది. అన్నయ్య లాప్‌టాప్‌లో కూడా పెడదామని 'మొదలు' కమాండ్ కొడితే, సెట్టింగుల ఫైలు లేదని ఏడ్చింది. ఆ ఫైలును సృష్టించడమే దాని పని! పుట్టక ముందే రేషన్ కార్డు అడిగినట్టు. ఆ ఒక్క కమాండుకు మినహాయింపుగా బేస్ క్లాసులో ఒక ఇఫ్ (షరతు) పెట్టాను. ఆ ఇఫ్ పెట్టిన రోజే ఆగి ఆలోచించాల్సింది.

రెండోది, ఉత్త హెల్ప్ అడిగినా మూడు సెకన్లు పట్టేది. పేర్లు, వివరాలు చూపించడానికి ఏడు క్లాసుల ఆబ్జెక్టులూ తయారవుతున్నాయి, ఒక్కొక్కటీ డేటాబేస్ తెరిచి పెన్‌డ్రైవ్ వెతుకుతోంది. పాత మిషన్ కదా అని సర్దిచెప్పుకున్నాను.

మూడోది మాత్రం ఊరికే పోలేదు.

దాచు, సరిచూడు, ఊడ్చు అనే మూడూ వదిన రోజూ కొట్టు కట్టేముందు చేత్తో కొట్టేది. దాచు పెన్‌డ్రైవ్ మీదికి నకలు తీస్తుంది. సరిచూడు ఆ నకలు తెరిచి బిల్లులున్నాయో లేదో చూస్తుంది. ఊడ్చు కొత్తవి ఏడు ఉంచి పాతవి తీసేస్తుంది. వదినకు ఈ పని తప్పిద్దామని మూడింటినీ క్రాన్‌లో పెట్టాను, అది చెప్పిన వేళకు కమాండ్లను దానంతటదే నడుపుతుంది. ముందుది సరిగ్గా ముగిస్తేనే తర్వాతది నడవాలని మధ్యలో రెండేసి ఆంపర్‌సాండ్లు పెట్టాను. జాగ్రత్తపరుణ్ని మరి.

కొన్నాళ్లకు వానల్లో కరెంటు వస్తూ పోతూ ఉండగా హార్డ్ డిస్క్ పోయింది. పోతే పోయింది, పెన్‌డ్రైవ్ ఉంది కదా అనుకున్నాం. కొత్త డిస్క్ వేసి, ఖాతా ఎక్కించి, నకలు తెరిచాను. పట్టికలన్నీ ఉన్నాయి, వాటిలో ఒక్క వరుస కూడా లేదు. ముందు రోజుదీ అంతే. ఏడు నకళ్లు, ఏడూ ఒకే సైజు, ఏడూ ఖాళీ.

"ఏటిది బాబూ, మొన్న నేనెక్కించిన బాకీలేవి?" అని వదిన నా భుజం మీదుగా చూస్తూ అడిగింది. నాకు నోట మాట రాలేదు.

బిల్లుల ఫైళ్లు నా మెయిల్లో ఉన్నాయి, మళ్లీ దించుకున్నాం. ఎవరు ఎప్పుడు ఎంత కట్టారన్నది మాత్రం ఖాతాలో తప్ప ఇంకెక్కడా లేదు. రసీదు పుస్తకాల మొండాలు ముందేసుకుని వదిన, నేను, గుమాస్తా కుర్రాడు మూడు సాయంత్రాలు కూర్చున్నాం. రసీదు లేకుండా చేతికిచ్చినవి వదిన జ్ఞాపకం మీద ఎక్కించాం. ఆవిడ జ్ఞాపకం నా కోడ్ కంటే నయం.

తర్వాత తప్పు వెతుక్కున్నాను. ఒకటి కాదు, రెండు తప్పులు. రెండూ ఒకదానికొకటి చెయ్యందించుకున్నాయి.

మొదటిది డేటాబేస్ దారి. దుకాణం ఫోల్డర్లో ఉండి కొడితే దొరికేలా ఉత్త ఫైలు పేరు మాత్రమే రాశాను. క్రాన్ అయితే హోమ్ ఫోల్డర్ నుంచి నడుపుతుంది. అక్కడ ఆ ఫైలు లేదు. ఎస్‌క్యూలైట్‌ను మామూలుగా తెరిస్తే, లేని ఫైలు గురించి గొడవ పెట్టదు, కొత్తది చేసేస్తుంది. దానికి తోడు నా బేస్ క్లాస్ మహా ఉదారంగా అందులో పట్టికలు కూడా వేసిపెట్టింది. 'మొదలు' ఒక్కటే చెయ్యాల్సిన పనిని బేస్ క్లాసులో పెట్టాను కాబట్టి 'దాచు' కూడా చేసింది. చేసి, ఆ ఖాళీని భద్రంగా దాచింది.

అయితే సరిచూడు పట్టుకోవాలి కదా? పట్టుకుంది. బిల్లులు సున్నా అని చూసి ఫాల్స్ అని చెప్పింది కూడా. బేస్ క్లాస్ ఆ జవాబును తీసుకుని, ప్రోగ్రాంను ముగించే సిస్ ఎగ్జిట్‌కు అలాగే ఇచ్చేసింది. పైథాన్‌లో బూలియన్ అంటే ఒక రకం పూర్ణాంకమే: ట్రూ అంటే 1, ఫాల్స్ అంటే 0. కమాండ్లను నడిపే షెల్ దృష్టిలో 0 అంటే పని సవ్యంగా ముగిసిందని, ఇంకేదైనా తప్పని. అంటే నకలు బాగుంటే తప్పని, ఖాళీగా ఉంటే బాగుందని చెప్పుకుంటూ వచ్చింది నా ప్రోగ్రాం. క్రాన్ నిజమనుకుని ఊడ్చును నడిపింది. రోజుకొక ఖాళీ నకలు వచ్చి చేరడం, ఒక మంచి నకలు పోవడం. ఏడు రాత్రుల్లో పెన్‌డ్రైవ్ శుభ్రం. చేత్తో కొట్టిన రోజుల్లో మూడూ విడివిడిగా నడిచేవి, ముగిసేటప్పుడు ఇచ్చే ఆ అంకెను, అంటే ఎగ్జిట్ కోడ్‌ను, ఎవరూ చూడలేదు, అందుకే ఇది బయటపడలేదు.

ఈసారి కోడ్ ముట్టుకోకముందు కాగితం తీసుకున్నాను. ఏడు కమాండ్ల పేర్లూ అడ్డంగా, బేస్ క్లాస్ చేస్తున్న పనులు నిలువుగా రాసి, ఏది దేనికి కావాలో టిక్కులు పెట్టాను. ఏడు గళ్లలోనూ టిక్కు పడ్డ పనులు నాలుగంటే నాలుగు. తన పేరు, ఒక లైను వివరం చెప్పడం. తనకేం ఆప్షన్లు కావాలో చెప్పడం. అసలు పని. ముగిసినప్పుడు ఎలా ముగిసిందో షెల్‌కు చెప్పడం. డేటాబేస్‌కు ఐదు టిక్కులు. పెన్‌డ్రైవ్‌కు మూడు. రాష్ట్రాల కోడ్‌కు మూడు. ఏడూ పడనిది ఎంత ముద్దొచ్చినా బేస్ క్లాసులో ఉండకూడదని గీత గీశాను.

జాంగో (వెబ్‌సైట్లు కట్టడానికి వాడే పైథాన్ ఫ్రేమ్‌వర్క్) వాడినవాళ్లకు ఈ ఆకారం తెలిసే ఉంటుంది. దాని బేస్ కమాండులో కూడా మనం రాసేవి ముఖ్యంగా రెండే మెథడ్లు: ఆప్షన్లు చేర్చేది ఒకటి, పని చేసేది ఒకటి. ఊహించిన తప్పును చెప్పడానికి కమాండ్ ఎర్రర్ అని విడిగా ఒక ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని ప్రోగ్రాం విసిరే సంకేతం). ఇన్నాళ్లూ ఆఫీసులో అది వాడుతూనే ఉన్నాను, ఎందుకలా ఉందని ఎప్పుడూ అడగలేదు.

మిగిలిన ఐదు టిక్కుల డేటాబేస్‌ను ఏం చెయ్యాలన్నదగ్గర రెండు రోజులు తిరిగాను. ముందు మధ్యలో ఇంకో క్లాస్ పెట్టాను, డేటాబేస్ కావాల్సిన కమాండ్లన్నిటికీ తల్లిగా. పెన్‌డ్రైవ్ కావాల్సినవాటికి ఇంకొకటి. 'దాచు'కు రెండూ కావాలి కాబట్టి ఇద్దరు తల్లులు. పైగా క్లాస్ రాయగానే దానంతటదే జాబితాలో చేరేలా ఇనిట్ సబ్‌క్లాస్ హుక్ వాడాను (పైథాన్ 3.6 నుంచి ఉంది, సరదాగా ఉంటుంది). దాంతో ఈ మధ్య క్లాసులు కూడా కమాండ్లుగా హెల్ప్‌లో ప్రత్యక్షమయ్యాయి. "ఈ రెండు కొత్తవేటి?" అని గుమాస్తా కుర్రాడు అడిగేదాకా నేను చూడలేదు. రెండూ పీకేశాను. ఇప్పుడు డేటాబేస్ తెరిచేది ఒక మామూలు ఫంక్షన్. కావాల్సిన కమాండ్ తన పని మొదలెట్టాక పిలుచుకుంటుంది. అది చదవడం రాయడం అనే మోడ్‌లో మాత్రమే తెరుస్తుంది, ఫైలు లేకపోతే ఎర్రర్ ఇస్తుంది, సృష్టించదు. సృష్టించే హక్కు 'మొదలు'కే. జాబితా కూడా మ్యాజిక్ లేకుండా ఏడు లైన్లు చేత్తో రాసేశాను. ఏడు కమాండ్లకు అంత తెలివి అక్కర్లేదు.

ముగింపు వైపు ఎక్కువ కష్టపడ్డాను. అసలు పని చేసే మెథడ్ ఇప్పుడు ఏ విలువా తిరిగి ఇవ్వదు. మామూలుగా ముగిస్తే 0. తప్పుంటే నా సొంత ఎక్సెప్షన్ విసరాలి, బేస్ క్లాస్ దాన్ని పట్టి ఒక లైను స్టాండర్డ్ ఎర్రర్‌లో రాసి 1 ఇస్తుంది. ఊహించని ఎక్సెప్షన్ అయితే తప్పు ఎక్కడ జరిగిందో చూపే ట్రేస్‌బ్యాక్ మొత్తం లాగ్ ఫైలుకు వెళ్తుంది, వదినకు "బాబుకు ఫోన్ చెయ్యి" అని కనిపిస్తుంది, కోడ్ మాత్రం 70. కమాండే తప్పు కొడితే, కొట్టినదాన్ని చదివి విడదీసే పైథాన్ లైబ్రరీ ఆర్గ్‌పార్స్ తనంతట తనే 2 ఇస్తుంది కాబట్టి 2ను నేను వాడలేదు. ఎవరైనా పొరపాటున ట్రూ, ఫాల్స్ తిరిగిస్తే బేస్ క్లాస్ అక్కడికక్కడే అరుస్తుంది. ఆ 'ఎవరైనా' నేనే.

ఆర్గ్‌పార్స్ ఇంకో మెలిక పెట్టింది. ఏం జరుగుతోందో వివరంగా చెప్పే ఆప్షన్ ఒకటుంది. వదిన దాన్ని కమాండ్ పేరుకు ముందు కొడుతుంది, కుర్రాడు తర్వాత కొడతాడు. రెండుచోట్లా చెల్లాలని ప్రధాన పార్సర్లోనూ, ఒక్కో కమాండుకు విడిగా ఉండే సబ్‌పార్సర్లోనూ పెట్టాను. కుర్రాడిది పనిచేసింది, వదినది చెయ్యలేదు. సబ్‌పార్సర్ తన డీఫాల్ట్ విలువను తెచ్చి, అప్పటికే వదిన ఇచ్చిన విలువ మీద రుద్దేస్తోంది. సబ్‌పార్సర్లో ఆ ఆప్షన్ డీఫాల్టును సప్రెస్ అని పెడితే, కొట్టకపోతే అసలు మాట్లాడదు. ఒక్క పదం. దానికి ఒక రాత్రి పట్టింది.

బేస్ క్లాస్ ఇప్పుడు అరవై లైన్ల లోపే. పేరు, వివరం క్లాస్ మీదే ఉంటాయి, కొట్టిన కమాండుకు మాత్రమే ఆబ్జెక్ట్ తయారవుతుంది. హెల్ప్ వెంటనే వస్తుంది. క్రాన్‌లో పెట్టేముందు డేటాబేస్ పేరు మార్చి, ఖాళీ నకలు పెట్టి, పెన్‌డ్రైవ్ పీకి, ఒక్కోసారి ఎగ్జిట్ కోడ్ కళ్లతో చూసుకున్నాను. వదిన మాత్రం ఇప్పటికీ పొద్దున్నే వచ్చి పెన్‌డ్రైవ్‌లో చివరి నకలు సైజు చూసుకునే కొట్టు తెరుస్తుంది. వద్దని చెప్పే ముఖం నాకు లేదు.

మొన్న గుమాస్తా కుర్రాడు ఒక కోరిక కోరాడు. వాడు మాట్లాడేది తెలుగే అయినా చదివింది ఒడియా మీడియం. తనకు ఒడియా మాటలు కూడా పెట్టమన్నాడు, 'దాచు' బదులు 'రఖ' అంటే చాలట. కాగితం తీసి చూశాను: మారుపేరు ఏడింటికీ కావాల్సిందే. సబ్‌పార్సర్లకు మారుపేర్లు ఇచ్చే వీలు ఆర్గ్‌పార్స్‌లోనే ఉంది. బేస్ క్లాసులో ఒక లైను చేర్చాను, ఇద్దరం కూర్చుని ఆరు కమాండ్లకు ఒడియా మాటలు రాసుకున్నాం. ఏడోది 'బాకీ'. దానికి మారుపేరు అక్కర్లేకపోయింది, ఒడియాలోనూ బాకీ అనే అంటారు.