ఎండాకాలంలోనే ఆగిపోయే యంత్రం

2024 ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు మా వెనుక గదిలో నుంచి మాడిన చెక్క వాసన వచ్చింది. లేచి వెళ్లి చూస్తే, టేకు పలక మీద పేరు చెక్కుతున్న నా చిన్న సీఎన్‌సీ యంత్రం, అంటే కంప్యూటరు ఆదేశాలతో చెక్కే యంత్రం, ఒకేచోట నిలబడిపోయి ఉంది, దాని మోటారు మాత్రం ఆగకుండా తిరుగుతోంది. మూడు మిల్లీమీటర్ల బిట్టు, అంటే చెక్కే ములికి, 'శ్రీ' అక్షరం వంపులో అక్కడక్కడే రాపిడి చేసి, చెక్కను వేలికొన పట్టేంత మేర నల్లగా కాల్చింది. ఆ పలక మా చెల్లెలి గృహప్రవేశానికి ఇద్దామనుకున్నది. ల్యాప్‌టాప్ తెర మీద యంత్రంతో సంబంధం తెగిపోయిందన్న ఒక్క వాక్యమే ఉంది.

అనంతపురంలో మా ఇంటి వెనుక, ఒకప్పుడు వంటచెరకు పెట్టుకున్న పది అడుగుల గదిని నేను పనిగదిగా మార్చుకున్నాను. పగలంతా ఆఫీసులో లెక్కలు చూసే నాకు సాయంత్రం రెండు గంటలు ఆ గదిలో గడపడం అలవాటు. 2021లో కొన్న యంత్రం బల్ల 300 మిల్లీమీటర్ల వెడల్పు, 180 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. 24 వోల్టుల సరఫరా, కొలత ప్రకారం కొద్దికొద్దిగా కదిపే మూడు స్టెప్పర్ మోటార్లు, చెక్కడానికి 775 రకం మోటారు, వీటన్నిటినీ నడిపే బోర్డులో జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాము, ఇంతే దాని సంసారం. కంప్యూటరు ఆదేశాలను ఒక్కొక్క వరుసగా పంపుతుంటే, బోర్డు వాటిని 128 బైట్ల చిన్న జాగాలో అందుకుని, రాబోయే పదిహేను పదహారు కదలికలను ముందుగానే లెక్కకట్టుకుంటూ నడుస్తుంది. మధ్యలో యూఎస్‌బీ సంబంధం తెగితే చేతిలో ఉన్న ఆ కొద్ది కదలికలనూ ముగించి, తరువాతి ఆదేశం కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది. మోటారును ఆపమని చెప్పే 'ఎం5' ఆదేశం ఫైలు చివర ఉంటుంది కనుక అది దానికి చేరనే చేరదు. చెక్క మాడడానికి కారణం అది. పైగా సంబంధాన్ని మళ్లీ కలపగానే బోర్డు రీసెట్ అయి తాను ఎక్కడ ఉన్నదీ మరచిపోతుంది కాబట్టి, ఆగిన పనిని ఆగినచోటు నుంచి కొనసాగించడం దాదాపు అసాధ్యం.

మొదట నా అనుమానం ఒక పాత శత్రువు మీదకు పోయింది. 2022లో ఈ ల్యాప్‌టాప్‌లో విండోస్ వంటిదే అయిన ఉబుంటు 22.04 అనే ఉచిత ఆపరేటింగ్ వ్యవస్థను ఎక్కించినప్పుడు యంత్రం అసలు కనిపించలేదు. కేబులు పెట్టగానే పోర్టు పుట్టి, సెకను తిరక్కుండానే మాయమయ్యేది. ఆ వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్ రాసిపెట్టే సందేశాలను వరుసగా చదివితే 'బీఆర్ఎల్‌టీటీవై' అన్న పేరు కనబడింది. అది చూపులేనివారు వేళ్లతో చదువుకునే బ్రెయిలీ పరికరాలను కంప్యూటరుకు కలిపే ప్రోగ్రాము. అటువంటి పరికరాల్లో ఒకదానికీ, నా బోర్డు మీద యూఎస్‌బీ సంబంధం చూసే సీహెచ్340 చిప్పుకూ యూఎస్‌బీ గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో, ఆ ప్రోగ్రాము నా యంత్రాన్ని బ్రెయిలీ పరికరమనుకుని తన అధీనంలోకి తీసుకునేది. దాన్ని పూర్తిగా తీసివేయమనే సలహా చాలామంది ఇస్తారు, నాకు అది నచ్చదు. ఆ కంప్యూటరును రేపు ఎవరు వాడవలసి వస్తుందో మనకు తెలియదు. ఆ ప్రోగ్రాము నియమాల ఫైలులో ఆ ఒక్క సంఖ్య ఉన్న వరుసను పక్కన పెడితే సరిపోతుంది, నేను అంతే చేశాను.

అయితే ఈసారి ఆ వరుస పక్కన పెట్టినట్లే ఉంది. సందేశాల్లో కొత్తగా కనిపించింది వేరు: ఫలానా పోర్టును హబ్ (యూఎస్‌బీ పోర్టులను నడిపే భాగం) నిలిపివేసింది, మళ్లీ ప్రారంభిస్తున్నాను అంటూ, మధ్యలో 'ఈఎంఐ' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. నెలవారీ వాయిదా కాదిది, చుట్టూ ఉన్న విద్యుత్ పరికరాల నుంచి సంకేతంలో కలిసే అలజడి. కెర్నెల్ రాసినవారు కూడా ఇదమిత్థమని చెప్పలేక ప్రశ్నగానే వదిలిన ఆ మూడు అక్షరాలను నేను అప్పుడే నమ్మి ఉంటే నాలుగు వారాలు కలిసివచ్చేవి.

నేను నమ్మలేదు. ఆదేశాలు పంపే ప్రోగ్రామును మార్చాను. యూఎస్‌బీ పోర్టులు నిద్రపోకుండా అమరిక మార్చాను. టవర్ క్లాక్ దగ్గర మూడు దుకాణాలు తిరిగి, అడుగున్నర పొడవున్న మందపాటి కేబులు తెచ్చాను. ఏది మార్చినా ఒక రోజు బాగా నడిచినట్లు అనిపించి, మరునాడు మళ్లీ మొదటికి వచ్చేది. అప్పుడు ఒక నోటుపుస్తకం తీసి, రోజుకు ఒక్క మార్పు మాత్రమే చేస్తూ, ఎన్ని నిమిషాలు నడిచిందో రాయడం మొదలుపెట్టాను.

మొదటి రోజు చెక్కే మోటారు తీగలు విప్పేసి, బిట్టు లేకుండా, అదే ఫైలును గాలిలో నడిపించాను. నాలుగు గంటలు ఒక్కసారి కూడా ఆగలేదు. రెండో రోజు మోటారు కలిపాను, తొమ్మిదో నిమిషంలో ఆగింది. ఇక అలజడి ఎక్కడ పుడుతున్నదీ తేలిపోయింది. 775 మోటారు లోపల కరెంటు అందించే బ్రష్షులు, ఇరుసుతో పాటు తిరిగే కమ్యుటేటరు మీద రాసుకున్నప్పుడల్లా సన్నని నిప్పురవ్వలు పుడతాయి. చీకట్లో మోటారు వెనుక గాలి రంధ్రాల్లోంచి చూస్తే నీలంగా కనబడతాయి. అందుకు తెలిసిన మందు ఉంది. 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు మూడు తీసుకుని, ఒకదాన్ని మోటారు రెండు కొనల మధ్య, మిగిలిన రెండింటినీ ఒక్కో కొన నుంచి మోటారు ఒంటికి టంకం పెట్టాలి. ఒంటి మీది పూతను ఆకురాయితో గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక పెడితేనే టంకం పట్టుతుంది. ఆపైన మోటారు తీగలు రెండింటినీ పురి తిప్పి, యూఎస్‌బీ కేబులుకు అలజడిని అణచే ఫెరైటు పూస తొడిగాను. తొమ్మిది నిమిషాలు నలభై నిమిషాలయ్యాయి, రోగం మాత్రం పోలేదు. నా వంటి అభిరుచిపరులు చాలామంది ఈ నలభై నిమిషాల దగ్గరే తృప్తిపడి, పెద్ద పనులను ముక్కలు చేసుకుని కాలం వెళ్లబుచ్చుతారు. అది పొరపాటని నేను గట్టిగా అనుకుంటున్నాను, ఎందుకంటే అసలు ప్రమాదం ఇంకా అలాగే ఉంది.

అది ఒక సాయంత్రం అనుకోకుండా బయటపడింది. కరెంటు పోయి వచ్చాక ల్యాప్‌టాప్ చార్జరును తిరిగి పెట్టడం మరచిపోయాను, పని మూడు గంటలు నడిచి ముగిసింది. మరునాడు కావాలనే చార్జరు పెట్టాను, ముప్పైరెండో నిమిషంలో ఆగింది. తీసేశాను, ఆగలేదు. మూడుసార్లు అటూ ఇటూ చేసి చూశాక అనుమానం మిగలలేదు. ఆ రాత్రి చార్జరు పెట్టి ఉన్నప్పుడే యంత్రం అల్యూమినియం చట్రాన్ని మోచేతి లోపలి వైపుతో తాకితే చీమలు పాకినట్లు సన్నగా జివ్వుమంది. టెస్టరు ఆనించగా లోపలి దీపం ఎర్రగా వెలిగింది.

24 వోల్టుల సరఫరా పెట్టెలోనూ, మూడు పిన్నుల చార్జరులోనూ లోపలికి వచ్చే అలజడిని అణచడానికి ఫేజు నుంచి ఎర్తుకు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్తుకు ఒకటి చొప్పున చిన్న కెపాసిటర్లు ఉంటాయి. గోడలోని ఎర్తు తీగ నిజంగా భూమిలోకి చేరితే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు దారిన పోతుంది. ఎర్తు తెగి ఉంటే ఆ రెండు కెపాసిటర్ల నడిమి బిందువు, దానితోపాటు పరికరం లోహపు ఒళ్లు, సరఫరా వోల్టేజిలో సుమారు సగం దగ్గర వేలాడుతుంది. మోటారు పుట్టించే అలజడికి కూడా అప్పుడు భూమిలోకి దారి ఉండదు కాబట్టి, యంత్రం నుంచి యూఎస్‌బీ కేబులు గుండా ల్యాప్‌టాప్‌కూ, అక్కడి నుంచి చార్జరుకూ ప్రయాణిస్తుంది. 3.3 వోల్టుల సంకేతాలతో మాట్లాడుకునే తీగలో ఆ తాకిడి పడితే హబ్ పోర్టును మూసేయడంలో వింత లేదు. చార్జరు తీస్తే ఆ దారి తెగిపోతుంది, అందుకే బ్యాటరీ మీద ఆగకుండా నడిచింది.

మల్టీమీటరు తీసి గది సాకెట్టులో కొలిచాను. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 232 వోల్టులు ఉంది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండవలసిన చోట 108 చూపించింది. వంటింటి సాకెట్టులోనూ దాదాపు అంతే వచ్చింది. అలవాటు లేనివారు సాకెట్టులో మీటరు కడ్డీలు పెట్టే పని చేయవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నేను కూడా ఆపైన పిలిచాను.

ఆయన సాకెట్టు చూడకుండానే నేరుగా పెరట్లోకి నడిచి, మూలన ఉన్న ఎర్తు గుంత మూత తీసి, "సార్, దీంట్లో నీళ్లు పోసి ఎన్ని దినాలైంది?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. గడపలో నిలబడిన అమ్మ చెప్పింది: "పాత్రలు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు అన్నీ ఆ మూలకే పారుతుండె. పోయిన దసరాకు నువ్వే కదరా బండలు పరిపించి నీళ్లన్నీ కాలువలోకి మళ్లిస్తివి!"

నిజమే. 2023 దసరాకు పెరడంతా కడప బండలు పరిపించి, వాలును వీధి కాలువ వైపుకు పెట్టించాను. చూడడానికి శుభ్రంగా ఉంది. ఆ బండల కింద ఎర్ర నేల మాత్రం, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ ఊళ్లో, నాలుగు నెలల్లోనే పిండిలా ఎండిపోయింది. గుంతలో మట్టి గునపం తగలగానే పొడిగా రాలింది. బిగింపు దగ్గర జీఐ (జింకు పూసిన ఇనుప) తీగ ఏళ్ల తరబడి ఉప్పుకు తుప్పుపట్టి ఎప్పుడో తెగినట్లుంది, పట్టుకుంటే కొస చేతిలోకి వచ్చింది. తడి ఉన్నన్నాళ్లు ఆ తెగిన కొస తడిమట్టి గుండానే ఏదో కొంత పని చేసుకుంటూ వచ్చింది. తడి ఆరాక అదీ లేదు. నా యంత్రం ఫిబ్రవరి చివరలో మొదటిసారి ఆగడానికీ, ఎండ ముదిరేకొద్దీ ఎక్కువగా ఆగడానికీ లెక్క అక్కడ సరిపోయింది.

నాకు ఆ పూట యంత్రం సంగతి వెనక్కి పోయింది. మా ఫ్రిజ్జు, గీజరు, ఇస్త్రీ పెట్టె, సంపు మోటారు అన్నీ అదే తీగను నమ్ముకుని ఉన్నాయి. తడి చేతులతో అమ్మ రోజుకు ఇరవైసార్లు తాకే వస్తువులవి. వాటిలో ఏ ఒక్కదానిలో ఫేజు తీగ ఒంటికి తగిలినా ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నేను నాలుగు వారాలు కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాను.

కొత్త గుంతను వంటింటి వెనుక, పాత్రలు తోమే గట్టును ఆనుకుని తవ్వించాము. నాలుగున్నర అడుగులకే రాయి తగలడంతో ఎలక్ట్రీషియన్ పైపును నిలువుగా దింపే ఆలోచన మానుకుని, గోడ పొడవునా కాలువ తీయించి జీఐ పట్టీని అడ్డంగా పరిచారు. మీద బొగ్గు, ఉప్పు, జల్లించిన మట్టి వేసి, బిగింపులన్నిటికీ గ్రీజు పూసి, గట్టు నీళ్లలో కొంత అటు పారేలా బండల మధ్య సందు వదిలారు. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు పక్కకు కారితే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు, కూడా పెట్టించాను. అన్నిటికీ కలిపి మూడు రోజులు పట్టింది. ఆ సాయంత్రం న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మీటరు 1.4 వోల్టులు చూపింది. చట్రానికి ఆనించిన టెస్టరు వెలగలేదు.

యంత్రంలో మరొక లోపం మిగిలి ఉండేది, అది చిన్నది. గుండ్రాలు కొంచెం కోడిగుడ్డులా వస్తుండేవి. స్టెప్పర్ మోటారు ఇరుసునూ, అది తిప్పగా యంత్రాన్ని జరిపే పొడవాటి స్క్రూనూ కలిపే కప్లింగు మీదుగా మార్కరుతో ఒక సన్నని గీత గీసి గంటసేపు నడిపితే, గీత రెండుగా విడిపోయింది. లోపలి చిన్న మరను బిగించాక సరిపోయింది. ఈ గీత పద్ధతి ఖర్చు లేనిది, యంత్రం ఉన్న ప్రతివారూ ముందుగానే గీసిపెట్టుకోవచ్చు.

మే నెల మూడో వారంలో, బయట నిప్పులు చెరుగుతున్న మధ్యాహ్నం పూట, చార్జరు పెట్టే ఉంచి కొత్త టేకు పలకను ఎక్కించాను. అయిదు గంటల పది నిమిషాల పని అది. నేను పక్కనే కుర్చీ వేసుకుని, నోటుపుస్తకంలో గంటగంటకూ మీటరు అంకె రాస్తూ కూర్చున్నాను. నాలుగో గంటలో అంకె రెండు వోల్టులకు పెరిగితే, అమ్మ నేను అడగకుండానే బియ్యం కడిగిన గిన్నె తెచ్చి బండల సందులో వంచి పోయింది. చివరి అక్షరం ముగిశాక 'ఎం5' చేరి మోటారు తనంతట తానే ఆగింది.