సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగాక

2024 సెప్టెంబరు వరదలప్పుడు హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే, ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లెక్కాయని బస్సును నార్కెట్‌పల్లిలోనే మళ్లించి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా తిప్పారు. టికెట్టుకు మాత్రం ప్రైవేటు వాడు సంక్రాంతి రేటే లాగాడు. విజయవాడ ముందు కృష్ణ మీది వారధి ఎక్కగానే బస్సంతా కిటికీలకు అతుక్కుపోయింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి రికార్డయింది మరి. కానీ సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. కొండపల్లి శాంతినగర్ దగ్గర దాని కట్టకు మూడు గండ్లు పడ్డాయి.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద తిండికి కొదవ లేదు. పొట్లాలు, పాలప్యాకెట్లు గుట్టలుగా ఉన్నాయి. లోపల రాజరాజేశ్వరిపేట చివరి సందుల్లో మాత్రం మేడల మీంచి "అన్నా, మంచినీళ్లు!" అని ఒకటే కేకలు. లారీ ఫ్లైఓవర్ దగ్గరే ఆగిపోతుంది, అక్కడ నింపిన పడవ మొదటి రెండు సందుల్లోనే ఖాళీ. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో మా టోలీచౌకి వైపు నదీం కాలనీలోనూ ఇదే తంతు.

ఇక్కడ దారికి తెచ్చింది ఆ వీధుల కుర్రాళ్లే. పడవ ముందు ఒకడు వెదురు గడతో అడుగు తడుముతూ కూర్చుంటాడు. మునిగిన బైకు హ్యాండిలో, గేటు మీది ఇనుప మొనో తగిలితే రబ్బరు పడవ పని అయిపోయినట్టే. ముందు వీధి చివరికంటా వెళ్లి, వెనక్కి వస్తూ పంచాలి. మొదటి ఇళ్లవాళ్లు తిట్టారు, తిట్టనీ. పైనుంచి తాడుకు కట్టిన బక్కెట్టు దిగితే ముందు నీళ్లు, తర్వాతే పొట్లాలు. ఒక బక్కెట్టులో అయిపోయిన బీపీ బిళ్లల షీటు వచ్చింది. అది మందుల షాపులో చూపిస్తే చాలు, పేరు రాసే పని లేదు. షీటు వెనక ఇంటి గుర్తు రాసుకోకపోతే మాత్రం ఏ మేడదో తేలదు.

నీళ్లు చేరని వీధుల్లో వంటలు సాగాయి. సాంబారన్నం వేడిమీదే కవర్లో కట్టి పంపితే ఆవిరి లోపలే నీరుగారి మధ్యాహ్నానికల్లా జిగురొచ్చేస్తుంది. పులిహోర నయం. అన్నం పలుకుగా వార్చి, పళ్లేల్లో ఆరబోసి, పులుసూ నూనే కాస్త ఎక్కువేసి, పూర్తిగా చల్లారాక కట్టాలి. సాయంత్రందాకా ఢోకా లేదు. కాకపోతే తిన్నవాళ్లకు దాహం వేస్తుంది, పొట్లంతో పాటు లీటరు నీళ్లు వెళ్లి తీరాలి. దాతలు మాత్రం పులిహోర మీద పులిహోర తెచ్చి పోశారు!

నీళ్లు తీసిన వీధుల్లో ఫైరింజన్లతో ఇళ్లల్లో బురద కడిగారు. మునిగిన బైకును స్టార్ట్ చేస్తే లోపలికి చేరిన నీళ్లకు ఇంజను దెబ్బతింటుంది. ముందు ప్లగ్గు విప్పి కిక్కు కొట్టి నీళ్లు బయటికి నెట్టాలి, ఎయిర్ ఫిల్టరు మార్చాలి. ఇంజనాయిలు పాలలా తెల్లబారితే మొత్తం పారబోసి కొత్తది పోయాలి. ఆ కొత్త ఆయిలు కూడా తెల్లబడితే మళ్లీ మార్చాల్సిందే. సందు మొదట్లో మెకానిక్కు ఆయిలు డబ్బులే తీసుకున్నాడు, వరసలో ముప్పై బళ్లున్నాయప్పుడు.